అద్దాల పెట్టె బయటే అసలు పని

మ్యూజియంలో కొలువంటే పాత వస్తువులకు కాపలా అనుకునే రోజులు పోతున్నాయి. నేతకారుడినీ, బడినీ, కంపెనీనీ, ప్రభుత్వ శాఖనూ ఒక చోట కూర్చోబెట్టగలిగేవాళ్లు ఇప్పుడక్కడ కావాలి. ఆ పనికి మీరు సరిపోతారేమో చూద్దాం.

విశాఖ బీచ్ రోడ్డులో ఇసుక పక్కన నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామిని మీలో చాలామంది చూసే ఉంటారు. లోపల వంగి వంగి నడిచి, నాలుగు ఫొటోలు దిగి బయటికొచ్చి ఉంటారు. ఈసారి వెళ్తే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇది ఎవరిది?

సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకున్న నౌక అది. తుక్కు కింద పోకుండా 2002లో మ్యూజియం అయ్యింది. ఇచ్చింది నౌకాదళం, నడిపేది నగరాభివృద్ధి సంస్థ. లోపల వివరించి చెప్పేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉంటారు. ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పట్టకుండా చూసే పనివాళ్లు వేరే. ఇక బయట మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ దాకా, ఆ టికెట్ కౌంటర్ తెరిస్తేనే నాలుగు డబ్బులు కళ్లజూసేవాళ్లు ఎందరో. ఇందులో ఒక్కరు చెయ్యి వదిలేసినా మిగతావాళ్లకు ఇబ్బందే.

ఇంగ్లిష్‌లో స్టేక్‌హోల్డర్లు అంటారే, వాళ్లే వీళ్లు. తెలుగులో ‘వాటాదారులు’ అంటే షేర్ మార్కెట్ గుర్తొస్తుంది కాబట్టి ‘భాగస్వాములు’ అనుకుందాం. వీళ్లందరితో కలిసి ఎలా పనిచేయాలన్నదే ఇవాళ మ్యూజియంల ముందున్న పెద్ద ప్రశ్న. మీకు ఉద్యోగం దొరికే అవకాశమూ అక్కడే ఉంది.

ఐకామ్ అని పిలిచే అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022 ఆగస్టు 24న ప్రేగ్ సమావేశంలో మ్యూజియం నిర్వచనాన్ని మార్చింది. సేకరించడం, భద్రపరచడం, పరిశోధించడం, ప్రదర్శించడం అనే పాత పనులు అలాగే ఉన్నాయి. వాటికి తోడు వైవిధ్యాన్నీ సుస్థిరతనూ పెంచాలనీ, స్థానిక సమాజాల భాగస్వామ్యంతో నడవాలనీ కొత్తగా చేర్చారు. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదకొండోది నగరాలు, జనావాసాల గురించి. అందులో 11.4 వారసత్వ సంపద రక్షణ. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఈ అంకెలు కంఠతా వచ్చే ఉంటాయి. బిట్ పేపర్లో దానికి ఒక మార్కు వస్తుంది, మంచిదే. కానీ మ్యూజియం గేటు దగ్గర నిలబడి అడగాల్సిన ప్రశ్న వేరు. దీనివల్ల ఎవరింట్లో పొయ్యి వెలుగుతోంది?

లాంచీ కదలకపోతే...

నాగార్జునకొండ సంగతి చూడండి. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ నీళ్లలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు సాగించింది. ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి కొండ పైకీ, అనుపు దగ్గరకూ తరలించి తిరిగి కట్టారు. నీళ్లు వచ్చాక కొండ కాస్తా దీవి అయ్యింది. ఆ దీవి మీద మ్యూజియం వెలిసింది. సాగునీరు కావాలి, చరిత్రా కావాలి అని ఒకేసారి పట్టుబట్టిన కాలం అది.

ఇవాళ అక్కడ మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. జలాశయం నీటిపారుదల శాఖల చేతిలో ఉంటుంది, అదీ రెండు రాష్ట్రాల మధ్య. లాంచీలు పర్యాటక సంస్థలవి. చుట్టుపక్కల నల్లమల అడవి పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ మాట కూడా చెల్లాలి. రేవు దగ్గర టీ కొట్టు, చేపల వేపుడు బండి, ఆటో డ్రైవరు వీళ్లెవరికీ ఏ ఫైలులోనూ చోటుండదు గానీ, అందరికంటే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే. లాంచీ కదలని రోజున మ్యూజియం తాళం తీసి ఉన్నా మూసినట్టే కదా!

ఇలాంటి చోట బ్రాహ్మీ లిపి చదవగలిగే పండితుడు తప్పక కావాలి. ఆయనతో పాటు నాలుగు శాఖలకు నాలుగు ఉత్తరాలు రాసి, ఫోన్ చేసి, జవాబు రాకపోతే మళ్లీ చేసి, పని అయ్యేదాకా వదలని మనిషి ఒకరు కావాలి. ఆ మనిషికి మన దగ్గర సరైన హోదా పేరు కూడా లేదు. కొన్ని సంస్థలు ప్రాజెక్టు కోఆర్డినేటర్ అంటాయి, కొన్ని ఔట్‌రీచ్ ఆఫీసర్ అంటాయి, చాలాచోట్ల ‘ఉన్నవాళ్లలో కాస్త చురుకైనవాళ్లు’ ఆ పని చేసేస్తుంటారు. నోటిఫికేషన్‌లో ఏ పేరుతో వచ్చినా ఉద్యోగ వివరణ చదివి గుర్తుపట్టడం మీ వంతు.

చెన్నై దారిలో మన ఇళ్లు రెండు

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముత్తుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. డెబొరా త్యాగరాజన్ 1984లో స్థాపించిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దీన్ని నడుపుతోంది. 1996 డిసెంబర్ 14న జనానికి తలుపులు తెరిచింది. స్థలం తమిళనాడు ప్రభుత్వం లీజుకిచ్చింది, ప్రణాళిక తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ లారీ బేకర్ గీశారు. ఒక స్వచ్ఛంద సంస్థ, ఒక ప్రభుత్వం, ఒక వాస్తుశిల్పి, కొన్ని పదుల మంది మేస్త్రీలు, వడ్రంగులు... భాగస్వామ్యం అన్న మాటకు పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ.

అక్కడ అద్దాల పెట్టెల కన్నా ఇళ్లే ఎక్కువ కనిపిస్తాయి. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి తెచ్చిన పాత ఇళ్లవి. యజమానులు ఎలాగూ పడగొట్టేద్దామనుకున్న ఇళ్లను కొని, దూలం దూలం విడదీసి, లారీలకెక్కించి తెచ్చి, ఆయా ప్రాంతాల పనివాళ్లతోనే మళ్లీ నిలబెట్టించారు. మన ఊళ్లలో పాత మండువా ఇల్లు పడగొడితే ఏమవుతుందో మీకు తెలుసు. చెక్కిన స్తంభాలు పురాతన వస్తువుల దుకాణానికి, మిగిలిన కలప పొయ్యిలోకి పోతాయి. ఇక్కడ అదే కలప, అదే రాయి మళ్లీ ఇల్లయ్యింది. పైగా సున్నం గచ్చు చేయడం తెలిసిన మేస్త్రీకి పని దొరికింది. ఆ పని దొరకడం ముఖ్యం. చేసేవాళ్లకు కూలి గిట్టకపోతే విద్య ఒక్క తరంలో మాయమైపోతుంది.

మన ఇళ్లు రెండున్నాయన్నాను కదా. ఒకటి విశాఖ తీరం వైపు గుండ్రటి మట్టి ఇల్లు, మనం చుట్టిల్లు అంటామే అదే. గుండ్రటి గోడకు గాలివాటం తక్కువ తగులుతుంది కాబట్టి తుపాను గాలికి తట్టుకుంటుంది. మట్టి, తాటాకు, కర్ర అన్నీ చుట్టుపక్కల దొరికేవే. సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఈ ఇంటి ముందు ఓ అరగంట కూర్చోవడం మంచిది. ‘గ్రీన్ బిల్డింగ్’ పేపర్లో రాసే సంగతులు చాలా అక్కడే కళ్లముందుంటాయి.

రెండోది పాత నల్లగొండ జిల్లా ఇక్కత్ నేతకారుడి ఇల్లు. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

2009-10 చేనేత గణనలో దేశమంతటా నేతకారులు, అనుబంధ పనివాళ్లు కలిపి 43.31 లక్షల మంది. 2019-20 గణనకు వచ్చేసరికి 35.22 లక్షలు. పదేళ్లలో ఎనిమిది లక్షల మంది ఈ పని వదిలేశారు. ఒక మ్యూజియం ఈ ప్రవాహాన్ని ఆపగలదా? ఆపలేదు. అలా ఎవరైనా చెబితే నమ్మకండి. మ్యూజియం చేయగలిగింది చిన్నదే. దక్షిణచిత్రలో చేతివృత్తులవాళ్లు సందర్శకుల ముందు పనిచేస్తారు, తమ సరుకు నేరుగా అమ్ముకుంటారు, బడిపిల్లలకు నేర్పుతారు. మధ్యలో దళారి లేకుండా కొనేవాడి ముఖం చూసి ధర చెప్పే అవకాశం దొరుకుతుంది. ఒక కుటుంబానికి అది కొన్ని రోజుల ఆదాయం, కొందరు కొత్త ఖాతాదారుల ఫోన్ నంబర్లు. పెద్ద ఉపన్యాసాల కన్నా ఇదే నయం.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. మగ్గం ముందు మనిషిని కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్ల చేత సెల్ఫీలు తీయించడం గౌరవమా? అతన్ని కూడా ప్రదర్శన వస్తువును చేసినట్టు కాదా? ఏ మ్యూజియానికి వెళ్లినా నేనైతే మూడు సంగతులు చూస్తాను. వస్తువు పక్కన చేసినవారి పేరుందా? ధర ఎవరు నిర్ణయించారు? ఆ రోజు ఆదాయంలో వారికి ఎంత చేరుతోంది? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పే సంస్థ భాగస్వాములను నిజంగా లెక్కలోకి తీసుకుంటోందని అర్థం. మీరు ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ అంటే, ఈ ప్రశ్నలే మర్యాదగా అడగండి.

పేరు ఉండటం ఎందుకంత ముఖ్యమో తేలియా రుమాల్ చెబుతుంది. పుట్టపాకలో నేసే ఈ బట్టకు నూలును నూనె, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతకారులు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ దక్కింది. అలాంటి బట్ట పక్కన ‘ఇక్కత్ వస్త్రం, 20వ శతాబ్దం’ అని రాసి ఊరుకుంటే సందర్శకుడు రెండు సెకన్లలో దాటిపోతాడు. ఊరి పేరు, నేసిన మనిషి పేరు, నూనె వాసన ఎందుకొస్తుందో ఒక వాక్యం రాస్తే ఆగుతాడు. ఆగినవాడే కొంటాడు. ఇలా నలభై మాటల్లో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ లేబుల్ రాయడం ఒక వృత్తి నైపుణ్యం. తెలుగు మీడియంలో చదివామని కుంగిపోయేవాళ్లకు ఇది చెబుతున్నాను. బాగా రాయగలిగిన తెలుగు ఇక్కడ బలమే.

మీది నేత కుటుంబమైతే మరీ మంచిది. పడుగు, పేక, ఆసు, చిటికి అన్న మాటలు మీకు ఇంట్లోనే వచ్చుంటాయి. ఒక చీరకు ఆసు పోయడానికి ఇంటి ఆడవాళ్లు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలన్న సంగతి, తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టిన సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎంఏ చదివిన క్యూరేటర్‌కు అవి పుస్తకంలో దొరకవు. మీ రెజ్యూమెలో ‘హాబీలు’ అన్న చోట క్రికెట్ తీసేసి ఈ పరిజ్ఞానాన్ని పైన రాయండి.

బీకామ్ వాళ్లకు ఇక్కడేం పని?

చాలానే ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, లేదా రూ.1000 కోట్ల టర్నోవర్, లేదా రూ.5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఏయే పనులకు పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో వారసత్వ సంపద, కళలు, సంప్రదాయ చేతివృత్తుల అభివృద్ధి కూడా ఉన్నాయి. డబ్బుంది, చట్టం ఒప్పుకుంటోంది. కంపెనీకి అర్థమయ్యే భాషలో ప్రతిపాదన రాసేవాళ్లే తక్కువ. మ్యూజియంవాళ్లు శాసనం ఎంత అరుదైందో పది పేజీలు రాస్తారు, కంపెనీవాళ్లు ‘ఎంతమందికి మేలు?’ అని ఒక్క లైను అడుగుతారు. ఆ రెండింటి మధ్య మాట కుదిర్చేవాడికి గిరాకీ ఉంది.

ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ ఇలాగే సిటీ బ్యాంక్ తోడ్పాటుతో 2015లో ‘మ్యూజియం ఆన్ వీల్స్’ మొదలుపెట్టింది. ఒక బస్సునే మ్యూజియంగా మార్చి ఊళ్లకు, బడులకు పంపడం. ముంబై దాకా రాలేని పిల్లాడి దగ్గరికే మ్యూజియం వెళ్లింది. బ్యాంకుకు లెక్క చూపించడానికి ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు అన్న అంకెలు కావాలి. బస్సు దిగి పిల్లలతో మాట్లాడటానికి ఎడ్యుకేటర్లు కావాలి. 2021 నుంచి ఇంకో నిబంధన కూడా వచ్చింది. ఏటా రూ.10 కోట్లు, అంతకు మించి సామాజిక బాధ్యత ఖర్చు చేయాల్సిన కంపెనీలు, రూ.కోటి దాటిన ప్రాజెక్టులకు వాటి ఫలితం ఏమిటో బయటి సంస్థతో మదింపు చేయించాలి. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, సోషల్ వర్క్ విద్యార్థులు ఈ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకోండి.

సైన్స్ వాళ్ల సంగతి. బట్టలు, కాగితం మీద 50 లక్స్ మించి వెలుతురు పడకూడదన్నది మ్యూజియంలు పాటించే ప్రమాణం. మన తరగతి గదిలో దానికి ఎన్నో రెట్లుంటుంది. తేమ, ఉష్ణోగ్రత కూడా అదుపులో ఉండాలి. దానికోసం రాత్రింబవళ్లు ఏసీ నడిపితే కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. అందుకే పెద్ద మ్యూజియంలు ఒకప్పటి కఠిన నియమాలను సడలించి, చాలా రకాల వస్తువులకు 15 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 40 నుంచి 60 శాతం తేమ చాలంటున్నాయి. మన కోస్తా ఉక్కపోతలో ఆ మాత్రం కూడా తేలిక కాదు. ఏ గదికి ఏసీ తప్పదు, ఏ గదికి మందపాటి గోడ, కిటికీ తెర సరిపోతాయి అని కొలిచి చెప్పే కెమిస్ట్రీ, ఫిజిక్స్ పట్టభద్రులు ఎక్కువమంది లేరు. లఖ్‌నవూలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ ప్రయోగశాల ఈ రంగంలో శిక్షణ ఇస్తుంది.

నిజం చెప్పుకుందాం

ఇంత చెప్పాక దాచడం న్యాయం కాదు. ప్రభుత్వ మ్యూజియంలలో పర్మనెంట్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వస్తాయి. అవీ ఏటా రావు. యూపీఎస్సీ, రాష్ట్ర సర్వీస్ కమిషన్లు, ఆయా మ్యూజియంలు విడివిడిగా ప్రకటిస్తుంటాయి. ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థల్లో పని ఉంది గానీ చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. నిధులు ఆగితే కొలువూ ఆగుతుంది. ఇంట్లో ఈ నెల నుంచే మీ జీతం కావాలన్న పరిస్థితి ఉంటే, మ్యూజియాలజీ పీజీని మొదటి ఎంపికగా పెట్టుకోకండి. వేరే ఉద్యోగంలో ఉంటూ వారాంతాల్లో ఇటు అడుగులు వేయొచ్చు. రెండు మూడేళ్లు ఓపిక పట్టగలిగే వీలుంటే మాత్రం ఈ దారి ఆలోచించదగ్గదే. పోటీలో ఉన్నవాళ్లు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ.

చదువు విషయానికొస్తే బరోడాలోని మహారాజా శాయాజీరావు, బనారస్ హిందూ, కలకత్తా, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాల్లో మ్యూజియాలజీ ఉంది. ఒకప్పటి నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. బనారస్‌లో ప్రవేశం సీయూఈటీ-పీజీతో. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఆ ఏటి ప్రకటన చూసుకోవాల్సిందే. యూజీసీ-నెట్‌లో మ్యూజియాలజీ అండ్ కన్జర్వేషన్ విడి సబ్జెక్టుగా ఉందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లు కోల్‌కతా కేంద్రంగా పనిచేసే జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి ప్రకటనలపై కన్నేయండి. తిరుపతిలోని రీజినల్ సైన్స్ సెంటర్ దాని కిందిదే.

డిగ్రీ చేతికొచ్చేలోపు చేయగలిగిన పని ఒకటుంది. మీకు దగ్గర్లోని మ్యూజియం ఒకటి ఎంచుకోండి. హైదరాబాద్‌లో ఉంటే 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్య సంస్థ అయిన సాలార్‌జంగ్ ఉండనే ఉంది. వెయిల్డ్ రెబెకా దగ్గర గుంపులో నిలబడ్డాక, జనం ఆగకుండా దాటిపోయే గది ఒకటి వెతకండి. ఎందుకు ఆగడం లేదో గంటసేపు గమనించండి. లేబుల్ చదవడానికి వీలుగా ఉందా, తెలుగులో ఉందా, వీల్‌ఛైర్ వెళ్తుందా, కూర్చోవడానికి బల్ల ఉందా? తర్వాత బయటికొచ్చి ఆటోవాళ్లతో, చాయ్ కొట్టువాళ్లతో, ఎదురుగా ఉన్న బడి టీచర్‌తో మాట్లాడండి. మ్యూజియం వల్ల వాళ్లకు ఏం ఒరిగింది, ఏం కావాలి అని అడగండి. ఇదంతా రెండు పేజీల్లో రాయండి. ఫిర్యాదులా కాకుండా, తక్కువ ఖర్చుతో చేయగల మూడు మార్పులు ఒక్కోదానికి ఎంతవుతుందో లెక్కతో సహా చూపించండి. దాన్ని జతచేసి ఇంటర్న్‌షిప్ కోసం మ్యూజియంకు మెయిల్ పెట్టండి. ‘చరిత్ర అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం’ అని మొదలయ్యే మెయిల్‌కూ దీనికీ తేడా చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. దక్షిణచిత్ర కూడా ఇంటర్న్‌లను తీసుకుంటుంది. చెన్నైలో ఉన్న తెలుగు విద్యార్థులకు మన ఇక్కత్ ఇంటి గురించి తెలుగులో చెప్పడమే మొదటి పని కావచ్చు.

జవాబు రాకపోతే పది రోజులాగి మళ్లీ ఒక మెయిల్ పెట్టండి, ఆ తర్వాత నేరుగా వెళ్లి కలవండి. వెళ్లే ముందు సెలవు చూసుకోండి. సాలార్‌జంగ్, నాగార్జునకొండ శుక్రవారం మూసి ఉంటాయి. కుర్సురాకు సోమవారం, దక్షిణచిత్రకు మంగళవారం సెలవు.